పెయింటింగ్‌లో ఎంఎఫ్ఏ: అప్లికేషన్ నుంచి ఆఖరి డిస్‌ప్లే దాకా

ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఇంటర్వ్యూకి మొదటిసారి వెళ్లినప్పుడు నేను 34 బొమ్మలు పట్టుకెళ్లాను. చార్మినార్ వాటర్‌కలర్లు ఆరు, బోనాల ఊరేగింపులు మూడు, గేదెలు, తలపాగా తాతలు, ఒక బుద్ధుడు, నాలుగు అబ్‌స్ట్రాక్ట్‌లు. టేబుల్ అవతల కూర్చున్న పెద్దాయన అన్నీ ఓపిగ్గా తిప్పి చూసి, ఫైలు మూసి, "అన్నీ బాగానే వేశావమ్మా. ఇందులో నీది ఏది?" అని అడిగారు. నాకు ప్రశ్న అర్థం కాలేదు. "అన్నీ నేనే వేశాను సార్" అన్నాను. ఆ ఏడు సీటు రాలేదు.

మరుసటి ఏడు 14 బొమ్మలతో వెళ్లాను. దాదాపు అన్నీ మా వాడకట్టులో నల్లా నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ముల బొమ్మలే. చేతివాటం మునుపటికంటే పెద్దగా మెరుగుపడిందేమీ లేదు. కానీ ఈసారి వాళ్లు నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. సీటొచ్చింది. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ) అయిపోతూ "తర్వాత ఏంటి" అని టెన్షన్ పడుతున్న పిల్లలు అడిగితే ఆ రెండేళ్ల తేడా ఏమిటో చెబుతుంటాను. అదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు, ఎందుకో తేల్చుకోండి

ఎంఎఫ్ఏ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఇది ఉద్యోగం ఇచ్చే కోర్సు కాదు. లెక్చరర్ కావాలంటే ఎంఎఫ్ఏలో 55 శాతం తెచ్చుకుని (రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50), ఆపైన యూజీసీ నెట్ విజువల్ ఆర్ట్స్‌లో రాసి గట్టెక్కాలి. గ్యాలరీ వాళ్లు డిగ్రీ అడగరు, బొమ్మ అడుగుతారు. యానిమేషన్, గేమింగ్ స్టూడియోలకైతే సాఫ్ట్‌వేర్ వస్తే చాలు.

మరి ఎందుకు చేయాలి? ఒక గోడ, కాస్త వెలుతురు, మొహమాటం లేకుండా తిట్టే పదిమంది మనుషులు రెండేళ్లపాటు దొరుకుతారు కాబట్టి. ఇంట్లో వేసుకుంటే అమ్మ బాగుందంటుంది, ఇన్‌స్టాలో పెడితే అందరూ బాగుందంటారు. ఎక్కడ బాగోలేదో చెప్పేవాళ్ల కోసం వెళ్లండి. అది అక్కర్లేదనిపిస్తే ఆ ఫీజుతో ఒక గది అద్దెకు తీసుకుని బొమ్మలు వేసుకోవడమే మేలు. నేను వ్యంగ్యంగా అనడం లేదు.

ఎక్కడ చదవాలి

హైదరాబాద్‌లో ప్రధానంగా రెండు పేర్లు వినిపిస్తాయి. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఒకటి. 2008లో యూనివర్సిటీ అయింది కానీ, దాని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ మూలం నిజాం కాలంలో, 1940లో పెట్టిన ఆర్ట్ స్కూల్‌లో ఉంది. రెండోది గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ, అంటే మనం హెచ్‌సీయూ అనేది. అక్కడ కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ 1988లో మొదలైంది, తొలి రోజుల్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లోనే, గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే నడిచింది. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ అక్కడ పాఠాలు చెప్పారు.

రెండింటి స్వభావం వేరు. మాసబ్ ట్యాంక్ ఊరి నడిబొడ్డున ఉంది. రంగులకి కోఠీ, ఫ్రేమ్ సామాన్లకి బేగంబజార్ దగ్గర. గచ్చిబౌలి క్యాంపస్‌లో రాళ్లు, చెట్లు, నిశ్శబ్దం ఉంటాయి. ఒక ట్యూబ్ వైట్ అయిపోతే మాత్రం సగం రోజు పోతుంది.

ఇంట్లో ఒప్పుకుంటే ఇంకో మాట. బీఎఫ్ఏ చేసిన చోటే ఎంఎఫ్ఏ చేయకండి. అవే గోడలు, అవే సార్లు, మీ మీద అదే అభిప్రాయం. లక్ష్మాగౌడ్, ఇంకో చిత్రకారుడు తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్‌లో నేర్చుకున్నాక బరోడా వెళ్లారు. చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్లారు. 1950లో మొదలైన బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, శాంతినికేతన్‌లోని 1919 నాటి కళాభవన్ ఇప్పటికీ మన పిల్లలు ఎక్కువగా కలలు కనే చోట్లు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. వైకుంఠం గారి బొమ్మల్లో కనిపించే తెలంగాణ ఊరు బరోడా వెళ్లొచ్చాకే గట్టిపడింది. దూరం నుంచి చూస్తేనే కొన్ని కళ్లకి ఆనుతాయి.

ఎక్కడైనా సరే, అప్లై చేయడానికి ముందు ఒక్కసారి వాళ్ల వార్షిక డిస్‌ప్లే (విద్యార్థుల బొమ్మల ప్రదర్శన) చూసి రండి. వెబ్‌సైట్ చూసి నిర్ణయించుకోకండి. డిస్‌ప్లేలో చూడాల్సింది ఒక్కటే: ఇరవై మంది బొమ్మలు ఇరవై రకాలుగా ఉన్నాయా, అన్నీ ఒక్క సార్ వేసినట్టు ఉన్నాయా. రెండోదైతే బస్సెక్కి వచ్చేయండి.

కాగితాలు

ఇది విసుగు పని, త్వరగా కానిచ్చేద్దాం. చాలాచోట్ల నాలుగేళ్ల బీఎఫ్ఏ లేదా బీవీఏ (విజువల్ ఆర్ట్స్ డిగ్రీ) అడుగుతారు. మామూలు డిగ్రీ చేసినవాళ్లకి పెయింటింగ్ తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఆర్ట్ హిస్టరీ తలుపు కొన్నిచోట్ల తెరిచి ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో చాలా పీజీ కోర్సులకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రెన్స్ దారి, రాష్ట్ర యూనివర్సిటీలకి సొంత ఎంట్రెన్స్. ఏ ఏడాది ఏది అన్నది ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసి తెలుసుకోండి, సీనియర్ నోటి మాట నమ్మకండి.

బీసీ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మీసేవలో తీసుకున్న రాష్ట్ర కుల సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో ఓబీసీగా పనికిరాదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అది కూడా ఆ ఆర్థిక సంవత్సరంలోది కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. తహసీల్దార్ ఆఫీసులో ఆలస్యం అవుతుంది కాబట్టి ఏప్రిల్ రాగానే పెట్టేయండి. యూనివర్సిటీ మారేవాళ్లకి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. నేను దాని కోసం ఒక ఆఫీసు కిటికీ ముందు నాలుగు రోజులు నిలబడ్డాను. మూడో రోజు ఆ కిటికీని స్కెచ్‌బుక్‌లో వేశాను. అదీ పోర్ట్‌ఫోలియోలోకి, అంటే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లే బొమ్మల ఫైల్లోకి ఎక్కింది.

పోర్ట్‌ఫోలియో

అసలు కథ ఇక్కడుంది. బీఎఫ్ఏలో నాలుగేళ్లు మనకి "అన్నీ రావాలి" అని నేర్పుతారు: లైఫ్ స్టడీ (ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి వేసేది), స్టిల్ లైఫ్ (వస్తువులు పేర్చి వేసేది), ల్యాండ్‌స్కేప్, కంపోజిషన్. ఎంఎఫ్ఏ వాళ్లు అడిగేది దానికి తలకిందులు. "నువ్వు దేన్ని వదల్లేకపోతున్నావు?" అని వాళ్ల ప్రశ్న. పెద్దాయన నన్నడిగింది అదేనని నాకు ఏడాది తర్వాత తెలిసింది.

మరి మీది ఏదో కనుక్కునేదెలా? నేను చేసింది చెబుతాను. నాలుగేళ్ల స్కెచ్‌బుక్‌లన్నీ ఇంట్లో నేల మీద పరిచాను. సబ్మిషన్ కోసం వేసినవి పక్కన పెట్టాను. ఎవరూ అడక్కుండా వేసినవి మాత్రమే మిగిల్చాను. బస్‌స్టాప్‌లో, ఫోన్ మాట్లాడుతూ, క్లాసులో బోర్ కొట్టి వేసినవి. వాటిలో పదకొండు చోట్ల డ్రమ్ములున్నాయి. బోల్తా కొట్టినవి, మూతమీద రాయి పెట్టినవి, పగుళ్లకి ఎంసీల్ పూసినవి. రెండు రోజులకోసారి నల్లా వచ్చే వీధిలో పెరిగిన పిల్లకి అదే కనిపిస్తుంది మరి. అప్పటిదాకా అవి బొమ్మకి పనికొస్తాయని నాకు తట్టలేదు. చార్మినార్ మాత్రమే బొమ్మ అనుకున్నాను.

అక్కడినుంచి ఆరు నెలలు పెట్టుకోండి. బొమ్మలు 12 నుంచి 15 చాలు, యూనివర్సిటీ వేరే లెక్క చెబితే అదే. వాటిలో ముప్పావు వంతు ఒకే విషయం చుట్టూ తిరగాలి. ఒకటి పెద్దది, ఒకటి అరచేతిలో పట్టేది, ఒకటి చెడిపోయింది కూడా ఉండనివ్వండి. చెడిపోయినదాని గురించి మీరు చెప్పగలిగితే మంచి బొమ్మ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. లైఫ్ స్టడీ రెండు పెట్టండి, చెయ్యి ఆడుతుందని తెలియడానికి. ఫోటో చూసి వేసిన సినిమా హీరో పోర్ట్రెయిట్ ఎంత బాగా వచ్చినా పెట్టకండి. స్కెచ్‌బుక్ మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. నా రెండో ఇంటర్వ్యూలో సగం సేపు వాళ్లు చూసింది ఆ నలిగిన స్కెచ్‌బుక్‌నే.

ఫోటోలు తీయడం దగ్గర చాలామంది పాడుచేసుకుంటారు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే తెలుపు పచ్చబడుతుంది, ఎండలో తీస్తే ఆయిల్ మెరుస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు డాబా మీద, నీడ పడే గోడకి కాన్వాస్ ఆనించండి. ఫోన్‌ని కాన్వాస్ మధ్యకి సమానమైన ఎత్తులో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కొంచెం జూమ్ చేసి తీయండి. దగ్గరికెళ్లి తీస్తే అంచులు వంగుతాయి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఇంకో ఫోటో తీసుకుంటే రంగు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. ఫిల్టర్లు వద్దు. కింద పేరు, మీడియం, సైజు (ఎత్తు ముందు, వెడల్పు తర్వాత), సంవత్సరం రాయండి.

స్టేట్‌మెంట్, అంటే మన బొమ్మల గురించి మనమే రాసే నాలుగు మాటలు, అనగానే పిల్లలకి ఒణుకు. "ప్రకృతికీ మనిషికీ మధ్య ఉన్న బంధాన్ని అన్వేషిస్తున్నాను" అని రాస్తారు. ఆ వాక్యం ఎవరి బొమ్మకైనా అతుకుతుంది, కాబట్టి ఎవరిదీ కాదు. నాది ఇలా మొదలైంది: "మా వీధిలో నల్లా రెండు రోజులకోసారి వస్తుంది. ఎవరి డ్రమ్ము ఎక్కడుండాలో ఎవరూ రాసిపెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. నేను ఆ హద్దులు వేస్తున్నాను." ముందు తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే, మనకి వచ్చిన ఇంగ్లిష్‌లో ఎంత పడుతుందో అంతే ఆలోచిస్తాం.

రాత పరీక్ష, ఇంటర్వ్యూ

సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. ఆర్ట్ హిస్టరీ కోసం అజంతా నుంచి 1947 నాటి బాంబే ప్రోగ్రెసివ్ చిత్రకారుల గ్రూప్ దాకా ఒక నోట్సు, ఇంప్రెషనిజం నుంచి ఇటువైపు యూరప్‌ది ఇంకో నోట్సు తయారుచేసుకోండి. మెటీరియల్స్ మీదా చదవండి: ఫ్రెస్కోకీ టెంపెరాకీ తేడా, ఇంటాగ్లియో అంటే ఏంటి, ఇలాంటివి.

మన పిల్లలు పికాసో గురించి గడగడా చెబుతారు, దామెర్ల రామారావు అనగానే తల గోక్కుంటారు. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ రాజమండ్రి చిత్రకారుడి గురించి, విస్కాసిటీ ప్రింటింగ్‌తో (రంగుల చిక్కదనం తేడాతో ఒకే ప్లేటు నుంచి అచ్చేయడం) ప్యారిస్‌లో పేరు తెచ్చుకున్న చిత్తూరు ప్రాంతపు కృష్ణారెడ్డి గురించి, చిత్రకారుడు పి.టి. రెడ్డి గురించి, గుడ్డ మీద కథలు బొమ్మలుగా వేసే చేర్యాల నకాశీల గురించి, లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల గురించి రెండేసి మాటలు మీవిగా చెప్పగలగాలి. ఇవి మార్కుల కోసం కాదు. "నువ్వు ఎవరి తర్వాత వేస్తున్నావు?" అన్నది ఇంటర్వ్యూలో ఏదో ఒక రూపంలో వస్తుంది.

పుస్తకం చదివితే చాలదు, చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు. దోమల్‌గూడలో జగదీశ్ కమలా మిట్టల్ మ్యూజియం ఉంది. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ, బంజారాహిల్స్‌లో కళాకృతి ఉన్నాయి. ఒక్కో చోట ఒక్క బొమ్మ ముందే అరగంట కూర్చుని స్కెచ్ వేసి రండి. పది బొమ్మల ముందు సెల్ఫీ దిగితే ఏమీ గుర్తుండదు.

ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదని చెప్పండి. తెలుగులో చెప్పొచ్చా అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

మొదటి ఏడాది

చేరిన నెలకే పెద్ద షాక్ తగులుతుంది. బీఎఫ్ఏలో పొద్దున్నే టాపిక్ ఇచ్చేవారు. ఇక్కడ ఎవరూ ఏమీ ఇవ్వరు. ఖాళీ గోడ, ఖాళీ కుర్చీ. నా బ్యాచ్‌లో సగం మంది సెప్టెంబర్ దాకా టీ తాగుతూనే గడిపారు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. దీనికి నాకు పనికొచ్చిన మందు ఒక్కటే: రోజూ పదింటికి స్టూడియోలో ఉండటం, ఏమీ తోచకపోతే కాన్వాస్‌లు బిగించడం.

కాన్వాస్ బిగించడం ఎంఎఫ్ఏకి వచ్చినవాళ్లలోనూ చాలామందికి సరిగా రాదు. ఫ్రేమ్ చట్రం లోపలి అంచు వాలుగా చెక్కించండి, లేదంటే కాన్వాస్ మీద కర్ర గీత పడుతుంది. మూలమట్టం చూసుకోవడానికి ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా తాడు పట్టి, మిగతా రెండు మూలల మధ్య కూడా అలాగే పట్టండి. కొలత ఒకటే రావాలి. గుడ్డకి ఒక పక్క మధ్యలో ఒక పిన్ను, ఎదురు పక్క మధ్యలో ఒక పిన్ను, ఆ తర్వాత మిగతా రెండు పక్కలు. ఎప్పుడూ మధ్యనుంచి మూలలకి, ఎదురెదురుగా కొట్టుకుంటూ పోవాలి. ఒక మూల నుంచి మొదలెట్టి చుట్టూ కొట్టుకొస్తే ఆఖర్లో ముడత తేలుతుంది, ఆ ముడత ఎంత ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేసినా పోదు. బిగించాక వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగాలి. ప్రైమర్ రెండు మూడు పల్చని కోట్లు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, మధ్యలో గీకుడు కాగితం.

హైదరాబాద్ వాతావరణం గురించి కూడా ఒక మాట. మే నెలలో అక్రిలిక్ పాలెట్ మీదే ఎండిపోతుంది. పాలెట్ కింద తడిగుడ్డ పరిచి, నీళ్ల స్ప్రే పక్కన పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో ఆయిల్ ఆరనే ఆరదు, కాబట్టి జ్యూరీకి (సార్లు బొమ్మలు చూసి మార్కులేసే రోజుకి) వారం ముందు ఆయిల్‌లో కొత్త లేయర్ మొదలెట్టకండి. కింది పొరలో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ. ఇది తారుమారైతే రెండేళ్లలో పగుళ్లిస్తుంది. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండలుగా చుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో వేయండి.

ఇక క్రిట్. సార్లు, క్లాస్‌మేట్లు మీ గోడ ముందు నిలబడి మాట్లాడతారు, మీరు వింటారు. మొదటిసారి నేను ప్రతి మాటకీ జవాబు చెప్పాను. సీనియర్ అక్క ఒకరు బయటికొచ్చాక, "నువ్వు అంత మాట్లాడితే బొమ్మ ఎప్పుడు మాట్లాడుతుంది?" అంది. అప్పటినుంచి నోరు మూసుకుని నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలెట్టాను. ముగ్గురు వేర్వేరు రోజుల్లో ఒకే మాట అంటే పట్టించుకోవాలి. ఒక్కరే గట్టిగా అంటే వారం ఆగి చూడాలి.

డబ్బు

తెలంగాణ పిల్లలకి ఈపాస్ వెబ్‌సైట్‌లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. హైదరాబాద్‌లో కృష్ణాకృతి ఫౌండేషన్ కూడా ఆర్ట్ విద్యార్థులకి సాయం చేస్తోంది. వచ్చిన డబ్బు ఖరీదైన రంగులన్నిటి మీదా పెట్టకండి. తెలుపు, అల్ట్రామెరీన్, రెండు మూడు మీకు అచ్చొచ్చినవి మంచి గ్రేడ్‌లో కొని, మిగతావి స్టూడెంట్ గ్రేడ్‌తో నెట్టుకురండి. ట్యూబ్ వెనక పిగ్మెంట్ నంబర్ చూడటం అలవాటు చేసుకోండి. తెలుపులో పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింక్. ఆయిల్‌లో జింక్ కొన్నాళ్లకి పెళుసెక్కుతుంది.

డిసర్టేషన్

రెండో ఏడాదిలో డిసర్టేషన్, అంటే మన బొమ్మల మీద పెద్ద వ్యాసం రాయాల్సి వస్తుంది, అక్కడే తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కూలబడతారు. నేను ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, మా చెల్లికి చెబుతున్నట్టు నా బొమ్మల గురించి వాగేశాను. డ్రమ్ము నీడ ఎందుకు ఎర్రగా వేశానో అందులోనే బయటపడింది. అదంతా రాసుకుని, కోసి, అతికించి, ఆ తర్వాత ఇంగ్లిష్ చేశాను. ఎవరి పుస్తకం నుంచైనా తీసుకుంటే అక్కడే పేజీ నంబర్ రాసుకోండి. 2018 యూజీసీ నియమాల ప్రకారం వేరేవాళ్ల రాతలతో పోలిక పది శాతం దాటితే సమస్య మొదలవుతుంది. గైడ్‌కి అధ్యాయాలవారీగా ఇస్తూ పోండి. మొత్తం ఒకేసారి ఇస్తే ఆయన చదవరు, మీరు దిద్దరు.

డిస్‌ప్లే

ఆఖరి సెమిస్టర్‌లో అందరికీ పెద్ద కాన్వాస్ పిచ్చి పడుతుంది. వేయండి, కానీ ముందు టేపు తీసుకుని స్టూడియో తలుపు కొలవండి. మా బ్యాచ్‌లో ఒకడు ఏడడుగుల కాన్వాస్ గదిలోనే వేసి, బయటికి తేలేక ఫ్రేమ్ విప్పాడు. ఆటోలో నాలుగడుగులు దాటితే కష్టం, టాటా ఏస్ మాట్లాడుకోవాలి. పెద్ద బొమ్మని రెండు పలకలుగా చేసి వెనక నట్టు బోల్టులతో కలపడం తెలివైన పని.

వేసినవన్నీ వేలాడదీయకండి. నేను రెండేళ్లలో 40కి పైగా వేశాను, పెట్టింది తొమ్మిది. బొమ్మ మధ్యభాగం నేలనుంచి 58 అంగుళాల ఎత్తులో, అన్నింటికీ ఒకటే గీత. సుద్దపొడి పూసిన దారం గోడకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకుని లాగి వదిలితే గీత పడుతుంది. లేబుళ్లు అందరూ మర్చిపోయి రాత్రి రెండింటికి ప్రింటవుట్ షాపు వెతుక్కుంటారు, ముందురోజే తీసిపెట్టుకోండి. ఎక్స్‌టర్నల్ (బయటినుంచి వచ్చే ఎగ్జామినర్) వచ్చినప్పుడు మీరే ముందు మాట్లాడకండి, ఆయన ఒక రౌండు తిరిగేదాకా ఆగండి.

వైవా అయిన మరునాడే గోడ ఖాళీ చేయమంటారు. నో డ్యూస్ ఫారమ్ మీద లైబ్రరీ, హాస్టల్, స్టోర్స్ సంతకాలకి ఒక రోజు పడుతుంది. కాన్వాస్‌లు ఫ్రేమ్ నుంచి తీసి చుట్టాల్సి వస్తే లావుపాటి పీవీసీ పైపు మీద, రంగు బయటివైపు ఉండేలా చుట్టండి. మధ్యలో బటర్ పేపర్ వేయండి. నేను తొందరలో రంగు లోపలికి పెట్టి సన్నగా చుట్టేశాను. ఇంటికెళ్లి విప్పితే అన్నిటికంటే పెద్ద డ్రమ్ముకి పైనుంచి కిందిదాకా ముడత పగుళ్లు. అమ్మ చూసి, "మన పాత డ్రమ్ము అచ్చం ఇలాగే పగిలిందే" అంది. దాన్ని బాగు చేయకుండా అలాగే గోడకి పెట్టుకున్నాను.